బలం బిళ్ళలు

ఏప్రిల్ 24, గురువారం

ఈరోజు నలభై మూడు ఇళ్ళు తిరిగాను. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవాళ్ళెవరని అడగడం ఆశా కార్యకర్తగా నా పని. అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. "దగ్గా? మా ఇంట్లోనా? ఎవులు సెప్పినారే నీకు?" అంటూండగానే లోపల ఎవరో దగ్గుతుంటారు. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలయింది. గుజరాత్ వెళ్ళిన మగవాళ్ళంతా రోజుకు నలుగురైదుగురు చొప్పున ఊళ్ళో దిగుతున్నారు. ఎనిమిది నెలలపాటు అక్కడి వెరావల్ రేవు బోట్లలో ఒక్క గదిలో ఎనిమిదేసి మంది పడుకుని వచ్చినవాళ్ళు. ఇప్పుడు పట్టుకోకపోతే ఆగస్టులో మళ్ళీ రైలెక్కేస్తారు. అందుకని ఈ మూడు నెలలూ నేను ఎవరి మాటా వినదలుచుకోలేదు. తలుపు వేసేస్తే కిటికీలోంచి అడుగుతాను.

జోగయ్య బాబాయి లాంటి చావు ఈ పేటలో ఇంకొకటి జరగకూడదు. ఆయన విషయంలో నా వంతు నేను చేశాను. మాత్రలు ఇచ్చాను. బోటెక్కాక రోజూ ఫోన్ చేశాను. తాగుడు మానలేదు, సంక్రాంతి తర్వాత పోయాడు. నా తప్పేమీ లేదు.

మా ఆయన, నా మావ, మొన్న దిగాడు. మనిషి సగం అయిపోయాడు. రైల్లో మూడు రోజులు కూర్చుంటే ఎవరైనా అలాగే ఉంటారు.

ఏప్రిల్ 26

మావ దగ్గుతున్నాడు. నీళ్ళ మార్పు.

ఏప్రిల్ 30, బుధవారం

ఏఎన్ఎం శ్రావణి వచ్చింది. విజయనగరం పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నా సర్వే కాగితాలు తిరగేసి, "అన్ని ఇళ్ళూ రాశారు, మీ ఇల్లు ఒక్కటే ఖాళీగా వదిలేశారేంటక్కా?" అంది. మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు, ఇప్పుడు రాసేస్తాను అని పెన్ను తీశాను. అప్పుడే లోపలి నుంచి మావ దగ్గు. ఆగదు. శ్రావణి నా ముఖం వైపు చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటి అలగ సూస్తావు? మనిషన్నాక దగ్గడా?" అనేశాను.

ఆ పిల్ల వెళ్ళాక మావను అడిగాను. ఎన్నాళ్ళ నుంచి అంటే శివరాత్రి నుంచి అన్నాడు. సాయంత్రాలు జ్వరం కూడా ఉందట. "గుజరాతులో సలే. సలికి ఎవుడికైనా జొరమొస్తాది" అన్నాడు. వేళ్ళ మీద లెక్క చూసుకున్నాను, తొమ్మిది వారాలు. నలభై మూడు ఇళ్ళల్లో దగ్గు వెతికినదాన్ని, నా పక్కలో ఉన్న దగ్గుకు నీళ్ళ మార్పని పేరు పెట్టాను.

మే 2, శుక్రవారం

పొద్దున్నే, పరీక్షకు కళ్ళె పట్టే డబ్బీ ఇచ్చాను. మావ అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "ఇందులో ఉమ్మాలా? నీ ఉద్యోగం నా గొంతు మీదకొచ్చీసినాది." అత్త ఊరుకోలేదు. "నా కొడుక్కి దిష్టి తగిలినాది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పోస్తే పోతాది. ఆ డబ్బీలూ గిబ్బీలూ నా ఇంట్లో ఎట్టకు" అంది. నువ్వు తిప్పాల్సింది తిప్పుకో అత్తా, నేను పట్టాల్సింది పడతాను అన్నాను. ఇద్దరి పనీ అయింది. డబ్బీ మూతబెట్టి ఎనిమిది గంటల బస్సుకు పంపించాను.

మే 6, మంగళవారం

వచ్చింది. టీబీయే.

మే 7, బుధవారం

పీహెచ్‌సీకి ఇద్దరం వెళ్ళాం. డాక్టరుగారు మావను కూర్చోబెట్టి చెప్పబోయారు. "సార్, మా ఆయనే కదా, ఇంటికెళ్ళి నేను వివరంగా చెప్తాను" అన్నాను. ఆయనకు బయట డెబ్బై మంది ఉన్నారు, సరేనన్నారు. దారిలో ఆటోలో మావ అడిగాడు, ఏటంట అని. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాను. మాత్రలు ఏటివి అంటే, బలం బిళ్ళలు అన్నాను.

ఈ పేరు ఎనిమిదేళ్ళ కింద నేను పెట్టిందే. అప్పట్లో పక్క వీధిలో ఒక కోడలికి ఈ జబ్బని తెలిసింది. వాళ్ళ బుట్టలో చేపను నెలల తరబడి ఎవరూ ముట్టలేదు. నరసన్నపేట సంతలో పక్కవాళ్ళే చెప్పేసేవారు, ఆ బుట్ట దగ్గరకు వెళ్ళకండని. చేపకూ దీనికీ ఏం సంబంధం? దగ్గితే గాలిలో వచ్చేది చేపలో రాదు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చివరికి వాళ్ళు ఊరే వదిలేశారు. ఆ తర్వాత నుంచి నేను ఎవరికీ ఆ మాట చెప్పలేదు. కొంగు కింద తెచ్చి ఇస్తాను, బలం బిళ్ళలంటాను. ఎవరి పరువూ పోలేదు. పేరేదైతేనేం, మందు కడుపులోకి పోతే చాలు.

మా అత్త అసిరమ్మ ఇప్పటికీ బుట్ట నెత్తిన పెట్టుకుని నరసన్నపేట వెళ్తుంది. ముప్పై ఏళ్ళుగా అవే వాడుక ఇళ్ళు. ఆమెకు కూడా చెప్పలేదు. చెప్పను.

కానీ మావను మాత్రం బతికించుకుంటాను. ఆరు నెలలు, ఒక్క రోజు తప్పనివ్వను.

మే 9

భయం వేస్తోంది. మావ ముందు గిన్నెలు గట్టిగా తోముతున్నాను, ఏడుపు రాకుండా.

మే 21, బుధవారం

మావకు ఒక సంగతి చెప్పడం మరిచిపోయాను. ఈ మాత్రలకు ఒంటికి వెళ్తే నీళ్ళు ఎర్రగా వస్తాయి. మావ ఎవరికీ చెప్పకుండా రెండు వారాలు కొబ్బరి నీళ్ళు తాగాడట, వేడి చేసిందని. నిన్న నెమ్మదిగా వచ్చి, "ఈశ్వరీ, నాను సచ్చిపోతన్నానేమో" అన్నాడు. సంగతి విని నవ్వు ఆపుకోలేకపోయాను. ఎన్ని రోజుల తర్వాత నవ్వానో. ఆయనకు కోపం వచ్చి అన్నం తినకుండా లేచాడు, మళ్ళీ ఆకలేసి వచ్చాడు. ఆకలేయడం మంచి గుర్తు.

జూన్ 15, ఆదివారం

నిషేధం అయిపోయింది. తెల్లవారకుండానే మా రేవు పడవలన్నీ వేటకు పోయాయి. మావ ఒడ్డున నిలబడి చూసి వచ్చాడు. జ్వరం లేదు, దగ్గు దాదాపు లేదు. నాలుగు కేజీలు పెరిగాడు.

"ఈ బిళ్ళలు ఎప్పుడు మానీయొచ్చు?" అన్నాడు. ఆరు నెలలన్నాను. "బలానికి ఆరు నెలలేటే? మేకని మేపినట్టు మేపుతావా?" అన్నాడు. వచ్చిన బలం నిలవాలి కదా మావా అన్నాను. నమ్మాడు. నేనేది చెప్పినా నమ్ముతాడు.

జూలై 8, మంగళవారం

రెండు నెలలు పూర్తయ్యాయి. మళ్ళీ కళ్ళె పరీక్ష చేస్తే క్రిమి కనబడలేదు. ఇంకా నాలుగు నెలలు వేరే మాత్రలు, మానకూడదు అన్నారు డాక్టరుగారు.

బోటు నడిపే సరంగు గంగరాజు వచ్చాడు, తన బోటుకు మనుషులను కూర్చుకోవడానికి. వరసకు నాకు మరిది. మావను చూసి "ఓరన్నా, కుర్రోడివైపోనావు" అన్నాడు. ఆగస్టు పన్నెండున రైలు. మావ నా వైపు చూశాడు. నాలుగు నెలల మాత్రలూ సంచిలో పెట్టి పంపిస్తాను. రోజూ ఫోన్ చేస్తాను.

జోగయ్య బాబాయికీ అలాగే పెట్టాను. కానీ ఆయన తాగేవాడు.

జూలై 28, సోమవారం

రాయకుండా ఉండాలనిపిస్తోంది. అయినా రాస్తాను.

పొద్దున అత్త నన్ను ఇంటి వెనక్కి పిలిచింది. చెవిలో చెప్పింది: "ఒసే ఈశ్వరీ, ఎవులికీ సెప్పకు. నాకు ఎర్రగా వస్తన్నాది. పది పదిహేను రోజులయినాది. ఆ గంగమ్మ తల్లికి ఏటి తప్పు సేసినానో." ఏం తింటున్నావు అత్తా అన్నాను. "ఏటీ లేదే. నా కొడుకు ధనరాజు ఇచ్చిన బిళ్ళలే. మోకాళ్ళు పట్టీసి బుట్ట ఎత్తలేకపోతన్నానని రోజుకి మూడు ఇస్తన్నాడు నా నాయన."

మావ వల అల్లుతున్నాడు. వెళ్ళి నిలబడ్డాను. ఎన్నాళ్ళయింది మానేసి అన్నాను. దాచలేదు. పదిహేడు రోజులన్నాడు. రోజూ పొద్దున నేను ఇచ్చేదాన్ని, చేతిలోకి తీసుకునేవాడు, నేను గిన్నె కడగడానికి తిరిగితే జేబులో వేసుకునేవాడు.

"నాకు బలం వచ్చీసినాది కదే. అమ్మకి బలం లేదు. ఉన్నోడు తింటాడా, లేనోలికి ఎడతాడా? జోగయ్య బాబాయీ అలగే సేసినాడు. బోటెక్కిన నెలకే, నాకు బాగున్నాదిరా అని నీరసంగా ఉన్నోలందరికీ తలో రెండు పంచీసినాడు. నాకూ పెట్టినాడు. తరవాతే కదా ఆయనకి దగ్గు తిరగబెట్టినాది. నా పక్కనే పడుకునీవోడు పాపం."

తప్పు చేశానన్న భావం ఆ ముఖంలో లేదు. ఎందుకుంటుంది? చేసింది మంచి పనే అనుకున్నాడు. మా వాళ్ళు సముద్రం మీద గుక్కెడు నీళ్ళున్నా ఎనిమిది మంది పంచుకుంటారు. బలం బిళ్ళలంటే ఒక్కడే ఎలా తింటాడు?

జూలై 29, మంగళవారం

జోగయ్య బాబాయి తాగుడు వల్ల పోలేదు.

రోజూ ఫోన్ చేశానని రాశాను. రోజూ చేయలేదు. మొదటి రెండు వారాలు చేశాను. తర్వాత ఆదివారం ఆదివారం. తర్వాత ఆయనే ఎత్తడం మానేశాడు, నేను చేయడం మానేశాను. మందుల కార్డులో మాత్రం ప్రతి గడిలో టిక్కు పెట్టాను, నా చేత్తోనే. ఆయన భార్య కూర్మమ్మ పిన్ని నన్ను అడిగింది, మా ఆయనకి ఏటొచ్చిందే అని. నెమ్ము అన్నాను. చచ్చిపోయిన రోజున కూడా నెమ్మే అన్నాను.

ఇది చదువుతుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. వేయనీ.

జూలై 31, గురువారం

మావకు చెప్పాను. టీబీ అన్నాను, ఆ మాటే. చేతిలో వల పక్కన పెట్టాడు. "ఊరికి సెప్పకపోతే పోనాది. నాకెందుకు సెప్పలేదే?" అన్నాడు. నువ్వు బెదిరిపోతావని అన్నాను. అది అబద్ధం. బెదిరింది నేను.

పీహెచ్‌సీలో డాక్టరుగారు నన్ను గట్టిగానే తిట్టారు. మంచిదే. మావకు మళ్ళీ పరీక్ష, మందు మళ్ళీ మొదలు, పోయిన రోజులన్నీ చివర్లో కలుపుతారట. మధ్యలో మానితే జబ్బు మొండిదవుతుందని, అప్పుడు ఈ మాత్రలకు లొంగదని ఆయన స్వయంగా మావకు చెప్పారు. అత్తకు కూడా కళ్ళె, ఎక్స్‌రే తీశారు. ఆమెకు లేదు. దేవుడా, అంతవరకు మేలు.

మావ గుజరాత్ వెళ్ళడం లేదు. అది అయిపోయింది. కానీ గంగరాజు బోటులో పోయినేడాది జోగయ్య బాబాయి పక్కన పడుకున్నవాళ్ళు ఇంకా ఆరుగురున్నారు. ఒక్కడూ నాకు కళ్ళె ఇవ్వలేదు. పన్నెండు రోజుల్లో రైలెక్కేస్తారు. వాళ్ళ చేత ఇప్పించాలంటే దేనికో చెప్పాలి. దేనికో చెబితే మా అత్త బుట్ట పోతుంది.

శ్రావణి అంది, "పేర్లు చెప్పాల్సిన పని లేదక్కా, జబ్బు గురించి చెప్తే చాలు. పేరు చెప్పాలో వద్దో జబ్బున్నవాళ్ళ ఇష్టం." ఎనిమిదేళ్ళుగా నేను జబ్బు గురించే చెబుతున్నాను తల్లీ, ఎవరి ఇంట్లోనో ఉన్నట్టు.

ఆగస్టు 2, శనివారం

మావను అడిగాను, రేపు నీ పేరు చెప్పనా అని. సున్నం రాసిన గోడకేసి చూస్తూ, "సెప్పు. ఆ ఆరుగురూ నా పక్కన కూడా పడుకున్నోలే" అన్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

గుజరాత్ ప్రయాణానికి ముందు గంగమ్మకు పసుపు నీళ్ళు పోసి కొబ్బరికాయ కొట్టడం మా వాళ్ళ ఆనవాయితీ. బోటు వాళ్ళంతా, వాళ్ళ ఆడవాళ్ళంతా ఒడ్డున చేరారు. కాయ కొట్టడం అయ్యేదాకా ఆగాను. ప్రసాదం పంచుతున్నప్పుడు లేచాను.

టీబీ అని గట్టిగా అన్నాను. మా ఇంట్లో ఉంది, మా ఆయనకుంది అన్నాను. గంగరాజు కొబ్బరి చిప్ప పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "సుభమా అని ఎల్తంటే ఆ మాటేటి వదినా?" అన్నాడు. శుభంగా తిరిగి రావాలనే అంటున్నాను, కూర్చో అన్నాను. ఇది దగ్గు వల్ల, గాలి వల్ల వస్తుంది, చేప వల్ల, కంచం వల్ల రాదు అన్నాను. మందు సరిగ్గా మింగితే కొన్ని వారాలకే ఇంకొకరికి అంటడం ఆగుతుంది, ఆరు నెలలు మింగితే పోతుంది అన్నాను.

తర్వాత బలం బిళ్ళల సంగతి చెప్పాను. అవి బలానికి కావు, పంచుకునేవి కావు, నేనే మీకు అబద్ధం చెప్పాను అన్నాను. కూర్మమ్మ పిన్ని దూరంగా ఎండుచేపలు తిరగేస్తోంది. ఆమె దగ్గరకు నడిచి వెళ్ళాను. బాబాయికి వచ్చింది కూడా అదే పిన్నీ అన్నాను. ఆయన మాత్రలు మానేస్తే నాకు తెలియలేదు, తెలుసుకోలేదు, తెలిసినట్టు రాసుకున్నాను అన్నాను.

పిన్ని చేతిలో చేపలు కింద పెట్టలేదు. అరవలేదు. ఆమె అరిస్తే నాకు బాగుండేది.

"ఆ ఒక్క మాట నాకు సెప్పుంటే," అంది, "కొట్టయినా మింగించీదాన్ని కదే. నా మొగుడు నా మాట ఇనీవోడు."

అంతే. మళ్ళీ వంగి చేపలు తిరగేసింది. ఒడ్డున ఉన్నవాళ్ళు నన్ను తప్పించుకుని ఇళ్ళకు పోయారు.

ఆగస్టు 4, సోమవారం

అత్త ఆటో ఎక్కబోతే ఆడవాళ్ళు బుట్టలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారట, చోటు లేదని. బుట్ట నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచి బస్సెక్కింది. సాయంత్రం సగం బుట్టతో వచ్చింది. ఆటోలో వెళ్ళినవాళ్ళు ముందే వాడుక ఇళ్ళల్లో చెప్పేశారు. "నా కూట్లో మన్ను పోసినావే" అంది. అన్నం పెడితే తినలేదు. నా దగ్గర సమాధానం ఉంది, కానీ ఆమె ఆకలికి అది పనికిరాదు.

ఆగస్టు 5

నలభై మూడు ఇళ్ళు. ఎవరూ ఒక్క డబ్బీ కూడా తీసుకోలేదు. రేపు మళ్ళీ వెళ్తాను.

ఆగస్టు 6, బుధవారం

తెల్లారేసరికి గుమ్మం ముందు కూర్మమ్మ పిన్ని. తిట్టడానికి వచ్చిందనుకున్నాను, తిట్టనీ అనుకున్నాను. ఆమె నన్ను దాటి లోపలికి వచ్చి మావ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏవిరా ధనరాజూ, బిళ్ళలు? నా ముందర మింగు."

నేను చూస్తున్నాను కదా పిన్నీ అన్నాను.

"నీ కళ్ళ మీద నాకు నమ్మకం లేదే. నా మొగుణ్ణి సూసినావు, సాలు." మావ మింగాడు. నోరు తెరవమంది. నాలుక ఎత్తమంది. చిన్నపిల్లాడి దవడ పట్టుకున్నట్టు పట్టుకుని లోపలికి చూసింది. తర్వాత లేచి నా చేతిలోంచి డబ్బీల సంచి లాక్కుంది. "పద, ఎవులు తియ్యరో నానూ సూస్తాను."

ముందు ఆమె, వెనక నేను. గంగరాజు ఇంటి ముందు నిలబడి, "నా మొగుడు నీ బోటులోనే దగ్గినాడు. ఆ దగ్గు మీ అందరికాడా మిగిలున్నాదో లేదో సూడనియ్యి. ఉమ్మురా" అంది. గంగరాజు డబ్బీ తీసుకున్నాడు. మధ్యాహ్నానికి ఏడు డబ్బీలు. పిన్ని నన్ను క్షమించలేదు. అయినా ఇంటింటికీ నాతోపాటు వచ్చింది.

ఆగస్టు 10, ఆదివారం

గంగరాజుకు లేదు. ఆరుగురిలో ఒకడికి ఉంది. ఇరవై రెండేళ్ళు, పెళ్ళై ఏడాది కాలేదు. భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి జబ్బు పేరుతో సహా చెప్పాను. ఆ పిల్ల ఏడ్చింది. ఏడ్చాక మాత్రల చీటీ చదివి వినిపించమంది, రెండుసార్లు. వాడూ బోటెక్కడం లేదు.

ఆగస్టు 12, మంగళవారం

రైలు వెళ్ళిపోయింది. మావ రోజంతా వల ముందే కూర్చున్నాడు, ఒక్క కన్ను కూడా అల్లలేదు. రేపటి నుంచి ఇక్కడి పడవలో వేటకు వెళ్తానన్నాడు. బిళ్ళలు మింగి పిన్నికి నోరు చూపించాకే బయల్దేరు అన్నాను.

ఆగస్టు 27, వినాయక చవితి

అత్త నరసన్నపేటలో కొత్త వీధి పట్టింది. పాత ఇళ్ళల్లో మూడు మాత్రం మళ్ళీ పిలిచాయట. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడదు. నిన్న మాత్రం బుట్ట దించుతూ, "ఒకామె అడిగినాది, మీ ఇంట్లో టీబీ అంట కదా అని. అవును, మందు మింగుతన్నాడు, నీకు సేప కావాలా వద్దా అన్నాను" అని చెప్పింది. కొన్నదా అని అడిగాను. "కొనక? వంజరాలు మరి" అంది.

సెప్టెంబరు 19, శుక్రవారం

వంట చేస్తుంటే గంగరాజు ఫోన్. వెరావల్ రేవు నుంచి, వెనక ఒకటే గోల. బాగున్నావా అని కూడా అడగలేదు.

"వదినా, మా పక్క బోటులో ఒకడు దగ్గుతన్నాడు. మనోడు కాదు, ఒరిస్సావోడు. మూడు వారాలయినాదంట. సలి, సలి అంటన్నాడు. సలి కాదురా అని నాను బోటు దింపి గవర్మెంటు ఆస్పత్రి కాడికి లాక్కొచ్చినాను. ఇక్కడ మన బాస రాదు, ఆడి బాస నాకు రాదు. లోపలికెల్లి ఏటని అడగాలి?"

అన్నం పొంగుతోంది, దించలేదు.

"టీబీ అని అడుగు గంగరాజూ. గట్టిగా అను. ఆ మాట అక్కడా అదే."